మందు ఎందుకు తడవలేదు?

తూ బీయిన్ టీచరు ప్రతి ఏడూ బడి తెరిచిన మొదటి రోజున నాలుగో తరగతి పిల్లల్ని పుస్తకం తెరవనిచ్చేది కాదు. చేతులు కట్టుకుని కూర్చోమని ఒక కథ చెప్పేది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అదే కథ.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు మూడో తరగతి వాచకంలో దేశనాయకుడి చిన్నతనం గురించి ఒక పాఠం ఉండేది. తల్లి జబ్బుపడితే ఎనిమిదేళ్ళ నాయకుడు మందు కోసం నది దాటి వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి వరద, పడవ లేదు. మందు పొట్లం నోట కరుచుకుని ఈదుకుంటూ వచ్చేశాడట. తల్లి బతికిందట. క్లాసులో ఉన్న నలభై మందీ తైవాన్ పడమటి తీరంలో గుల్లలు పెంచే చెరువుల్లో, మొలలోతు ఉప్పునీళ్ళలో పెరిగిన పిల్లలే. వాళ్ళలో ఒక పిల్ల లేచి, "సార్, కాయితం పొట్లం నోట్లో పెట్టుకుని వరదలో ఈదితే మందు తడవదా?" అని అడిగింది.

"ఆ పిల్లని నేనే," అని చెప్పి తూ టీచరు అక్కడ కాసేపు ఆగేది.

ఆగడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. వెనక బెంచీలో గోళ్ళు కొరుక్కునేవాడు కూడా కొరకడం మానేసేవాడు. తర్వాత శిక్ష వచ్చేది. మొదటి ఏడాది కథలో ఆ పిల్ల అర బక్కెట్టు నీళ్ళు పట్టుకుని ఎండలో నిలబడింది. అయిదారేళ్ళకి బక్కెట్టు నిండింది. బడికి కొత్త భవనం కట్టేనాటికి రెండు చేతుల్లో రెండు బక్కెట్లయ్యాయి. "అయినా నేను తల దించలేదు," అని ముగించి, నల్లబల్ల పైన తాటికాయంత అక్షరాలతో రాయించిన వాక్యం కేసి చూపించేది. 'నీకెలా తెలుసు?' అని ఉండేది అక్కడ.

ఆ వాక్యం ఊళ్ళో చేసిన అల్లరి అంతా ఇంతా కాదు. గుడి పక్క హాలులో ఒక కంపెనీవాళ్ళు ముసలివాళ్ళకి తలా పది కోడిగుడ్లు ఉచితంగా పంచి, నడుం నొప్పులు లాగేసే అయస్కాంతం పరుపులు అంటగట్టేవాళ్ళు. తూ టీచరు క్లాసు పిల్లవాడొకడు తాత వెంట వెళ్ళి, ఆ పరుపు మీద జేబులోని గుండుసూది పెట్టి చూశాడు. సూది ఎటు పెడితే అటు దొర్లిపోయింది, పరుపుకి అంటుకోలేదు. మర్నాటికల్లా కంపెనీవాళ్ళు సర్దుకుని పక్క ఊరికి వెళ్ళిపోయారు. ముసలివాళ్ళు నలుగురు బడి గేటు దగ్గరికి వచ్చారు.

"ఏమమ్మా టీచరమ్మా, మీ వాళ్ళ తెలివి తగలెయ్య, మా గుడ్లు పోయాయి."

"పరుపు మోసం కదా తాతా?"

"మోసమని మాకు తెలీదా? మేమెవరం కొనలేదు. వారానికి పది గుడ్లు! ఇప్పుడు మీ బడి ఇస్తుందా?"

ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు తూ టీచరు పైకి నొచ్చుకున్నట్టు కనిపించేది. లోపల మాత్రం ఆ రోజంతా పాయసం తిన్నట్టుండేది. అయితే ఒక సంగతి. ఆమె పిల్లలు పరుపుల కంపెనీని అడగొచ్చు, రేడియోలో చేపముల్లు పొడి అమ్మేవాణ్ణి అడగొచ్చు, సొంత తాతని నిలదీయొచ్చు. టీచరు బల్ల వైపు మాత్రం ప్రశ్న రాకూడదు. ఎవడైనా పొరపాటున "ఈ లెక్కకి మీరు మార్కు ఎందుకు తగ్గించారు?" అంటే, "ముందు నీ అక్షరాలు గుండ్రంగా రాయి," అనేది.

రెండు వేల పందొమ్మిదిలో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. పిల్లలు ప్రశ్నించడం నేర్చుకోవాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. ఉత్తర్వు కనుక ఎవరూ ప్రశ్నించలేదు. 'ప్రశ్నించే బడి' అని జిల్లా స్థాయిలో ఒక పోటీ పెట్టారు. ప్రిన్సిపాల్ వెంగ్ గారు, మనిషి గుండ్రంగా, ఎప్పుడూ చెమటతో మెరుస్తూ ఉంటాడు, ఈ వార్త విన్న రోజు నుంచి తూ టీచర్ని 'మన రత్నం' అని పిలవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు వారం దాకా గుడ్ల గొడవ గురించి ఆమెకు సంజాయిషీ తాఖీదు ఇవ్వాలని చూస్తున్నవాడే.

"పరిశీలకులు నవంబరులో వస్తున్నారు టీచర్ గారూ. పిల్లలు స్వేచ్ఛగా ప్రశ్నలు అడగాలి. ఇదిగో జాబితా."

జాబితాలో ఇరవై నాలుగు ప్రశ్నలున్నాయి. ఏ పిల్ల ఏది అడగాలో పేర్లున్నాయి. ఎవరెప్పుడు చెయ్యెత్తాలో, ఎవరు కాసేపు ఆలోచించినట్టు తల గోక్కోవాలో కూడా ఉంది. పంతొమ్మిదో నంబరు పక్కన 'ఇక్కడ ఒక పిల్లవాడు ప్రిన్సిపాల్ గారితో మర్యాదగా విభేదించును' అని రాసి ఉంది.

"విభేదించేది ఎవరు?" అని అడిగింది తూ టీచరు.

"మా అన్నగారి మనవడు. నమ్మకస్తుడు."

తూ టీచరు నవ్వి జాబితా మొదటి కాయితం తిప్పింది. జాబితాలో మొట్టమొదట తన కథ ఉంది. 'స్ఫూర్తిదాయకమైన బాల్యానుభవం, ఎనిమిది నిమిషాలు.' ఆ పంక్తి చూశాక మిగతా వాటి మీద ఆమెకు కోపం రాలేదు.

ఆ ఏడు ఆమె క్లాసులో తింగ్ యీయెన్ అనే పిల్ల ఉండేది. తండ్రి ఆల్చిప్పల పడవ మీద పని, తల్లి వియత్నాం నుంచి వచ్చిన మనిషి. పిల్ల సన్నగా, మాట నెమ్మదిగా ఉంటుంది. ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం చేతిలో పట్టుకుని తిరుగుతుంది. ఒక శుక్రవారం క్లాసు అయిపోయాక బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, మీ కథ మీకు జరిగింది కాబట్టి మీకు తెలుసు. మాకెలా తెలుస్తుంది?"

తూ టీచరుకి ముందు చిర్రెత్తింది, వెంటనే ముచ్చటేసింది. ఇంత మంచి ప్రశ్న ముప్పయ్యొక్క ఏళ్ళలో ఎవరూ వెయ్యలేదు. "అప్పుడేం చెయ్యాలి మరి? ఏం నేర్పాను మీకు?"

"ఆ రోజు అక్కడున్న ఇంకొకళ్ళని అడగాలి."

"వెళ్ళి అడుగు. సోమవారం క్లాసులో అందరికీ చెబుదువు గాని."

ఇంత ధైర్యంగా ఎందుకు పంపిందో తూ టీచరు తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది. ఆ పాఠం చెప్పిన మేష్టారు పోయి ఇరవై ఏళ్ళయింది. తోటివాళ్ళలో సగం మంది ఫ్యాక్టరీ ఊళ్ళకి వెళ్ళిపోయారు. కానీ బోంగ్‌ఛీ వెళ్ళలేదు. మార్కెట్ మలుపులో ఆల్చిప్పల గారెలు వేసే బోంగ్‌ఛీ ఆమె కళ్ళెదుటే ఉంది. వారం వారం ఆమె దగ్గరే రెండు గారెలు కొనుక్కుని, "ఎండగా ఉందే," "ఉందిలే," అనుకుంటూనే ఉంది. అయినా ఆమె గుర్తుకే రాలేదు. చెప్పీ చెప్పీ కథ ఎంత నున్నబడిందంటే, అందులో ఇంకో మనిషి ఉండే చోటే మిగల్లేదు.

సోమవారం యీయెన్ నోటుపుస్తకం తెరిచి నిలబడి చదివింది.

"సాక్షి పేరు లిన్ బోంగ్‌ఛీ. వయసు అరవై ఒకటి. గారెలు అమ్ముతారు. నేను అడిగింది: ఆ ప్రశ్న ఎవరు అడిగారు? ఆమె చెప్పింది: నేనే. నేను అడిగింది: తూ టీచర్ కాదా? ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత చెప్పింది: ఆయిన్, అంటే మీ టీచరే, ఆమె కూడా ఆ రోజు లేచింది. సార్, ఆయన గొప్ప నాయకుడు కాబట్టి మందు తడవలేదు, అని చెప్పింది. సార్ ఆమెకి పెన్సిలు ఇచ్చారు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఎంత బాగుండునో అనిపించింది తూ టీచరుకి.

"పెద్దవాళ్ళకి మతిమరుపు ఉంటుంది, యీయెన్," అంది చివరికి.

యీయెన్ పెన్సిలు తీసి రాసుకోబోతూ ఆగింది. "ఎవరికి టీచర్?"

"కూర్చో. అక్షరాలు గుండ్రంగా రాయి."

సాయంత్రం ఆమె తిన్నగా మార్కెట్ మలుపుకి వెళ్ళింది. బోంగ్‌ఛీ మూకుడు ముందు నిలబడి ఉంది. లావుపాటి మనిషి, నూనె చుక్కలు పడి చేతుల నిండా మచ్చలు. ఆ పేరుకి వాళ్ళ భాషలో 'ఎలాగోలా పెంచుదాంలే' అని అర్థం. అయిదో ఆడపిల్ల పుట్టినప్పుడు తండ్రి పెట్టాడు.

"వచ్చావా? పొద్దున్నుంచీ చూస్తున్నా, ఎప్పుడొస్తావా అని," అంది గారె తిప్పుతూ.

"పిల్లకి ఏమిటే ఆ కథలు చెప్పావు?"

"కథలు చెప్పేది నువ్వు. నన్నడిగితే జరిగింది చెప్పాను."

"జరిగిందని నీకెలా తెలుసు? యాభై ఏళ్ళు దాటింది. నాకు బక్కెట్టు గుర్తుంది, నా చేతులు లాగడం గుర్తుంది..."

"బక్కెట్టు ఎక్కడిదే? మన బడిలో బక్కెట్టు ఉంటే కదా!" బోంగ్‌ఛీ గరిటె గట్టిగా విదిలించింది. "మేకలు కట్టేసే రాటకి ఆనుకుని నిలబడ్డాను మధ్యాహ్నం దాకా. సాయంత్రం పోలీసాయన మా నాన్నని టీ తాగడానికి రమ్మన్నాడు. ఆ రోజుల్లో పోలీసు టీకి పిలిస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు, అది కూడా మరిచిపోయావా? నాన్న తిరిగొచ్చి నన్ను కొట్టలేదు. పుస్తకాల సంచీ తీసి అటక మీద పెట్టేశాడు. మర్నాటి నుంచి చిప్పలు వలిచాను. నా చదువు మూడో తరగతిలో ఆగింది. నీది ఆగలేదు. ఎవరు ఏమడిగారో తెలుసుకోవడానికి ఇంకేం సాక్ష్యం కావాలే నీకు?"

గారెల కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తూ టీచరు చేతిసంచీ ఇటు నుంచి అటు మార్చుకుంది.

"ఇన్నేళ్ళుగా నీకు తెలుసా, నేను అలా చెప్పుకుంటున్నానని?"

"నా కొడుకు నీ క్లాసులోనే చదివాడు కదే! ఇంటికొచ్చి, అమ్మా, మా టీచరు చిన్నప్పుడు ఎంత ధైర్యంగలదో తెలుసా, అన్నాడు. బాగానే ఉంది, ఎవరో ఒకరు పేరు తెచ్చుకుంటున్నారులే అనుకున్నా. నాకేం పనికొస్తుంది ఆ పేరు? గారె మీద చల్లుకుంటానా?" అని రెండు గారెలు కాయితంలో చుట్టి ఇచ్చింది. "ఇవాళ ఊరికే తిను. ఏడుపు మొహం పెట్టి ఇక్కడ నిలబడకు, బేరాలు పోతాయి."

ఆ గారెలు ఆమె తినలేకపోయింది. పెన్సిలు గుర్తుకొచ్చింది. ఎర్రది, చివర రబ్బరు ఉన్నది. క్లాసు మొత్తంలో రబ్బరున్న పెన్సిలు అదొక్కటే. దాన్ని చెక్కకుండా ఎన్ని నెలలు దాచుకుందో, ఏ డబ్బాలో పెట్టిందో కూడా గుర్తుకొచ్చింది. ఇంత స్పష్టంగా గుర్తున్న వస్తువు ముప్పయ్యొక్క ఏళ్ళు ఎక్కడ దాక్కుందో ఆమెకు అర్థం కాలేదు.

ఇంత జరిగాక మర్నాడే క్లాసులో ఒప్పుకుని ఉంటే ఆమెను మెచ్చుకోవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. రెండు వారాలు వాతావరణం గురించీ, భాగహారం గురించీ మాట్లాడింది. యీయెన్ నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో 'కృషి బాగుంది, అక్షరాలు మెరుగుపడాలి' అని రాసి ఇచ్చింది. పిల్ల అది చదివి, కింద తేదీ వేసుకుని పుస్తకం మూసింది. ఆ తేదీ ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

సంగతి ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. ఆయన గాభరా పడిపోయాడు.

"ఆ రోజు ఆ పిల్ల క్లాసులో ఉండటం క్షేమం కాదు టీచర్ గారూ. గ్రంథాలయంలో పుస్తకాలు దుమ్ము దులపమందాం. అదీ విద్యే."

"ఆమె పేరు కూడా జాబితాలో ఉంది కదండీ, ఏడో ప్రశ్న."

"ఏడో ప్రశ్న మా అన్నగారి మనవడే అడుగుతాడు."

తూ టీచరు కాదనలేదు. సరేనని కూడా అనలేదు. వెంగ్ గారికి ఆ రెంటికీ తేడా తెలియదు.

పరిశీలకులు ముగ్గురు వచ్చారు. ముఖ్యుడు ప్రొఫెసర్ ఫూ, పట్నంలో ఉపాధ్యాయులకి ఆలోచించడం నేర్పే పెద్దమనిషి. వెనక వరసలో చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పిల్లలు ఇస్త్రీ బట్టల్లో, ఎవరి ప్రశ్న వాళ్ళు పెదాల మీద వల్లె వేసుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుని తలూపాడు.

తూ టీచరు మొదలుపెట్టింది. వాచకం, నది, వరద, పొట్లం. "వాళ్ళలో ఒక పిల్ల లేచి నిలబడింది," అంది. అక్కడ అలవాటు కొద్దీ ఆగింది. ఆగినప్పుడు కిటికీ పక్క యీయెన్ కుర్చీ ఖాళీగా కనిపించింది. బోంగ్‌ఛీ మానేసిన మర్నాడు మేష్టారు ఆమె ముక్కాలిపీటని తీసి గోడవారన బోర్లించమన్నాడు. బోర్లించింది బీయినే. పెన్సిలు వచ్చిన పిల్ల కదా, అలాంటి పనులన్నీ ఆమెకే చెప్పేవాడు.

"ఎవరైనా వెళ్ళి తింగ్ యీయెన్‌ని పిలుచుకు రండి," అంది.

ప్రిన్సిపాల్ గారు దగ్గాడు. ఎవరూ కదలకపోయేసరికి తూ టీచరే తలుపు దాటి, ఆయన పక్కనుంచే, గ్రంథాలయానికి వెళ్ళి పిల్లని తీసుకొచ్చింది. యీయెన్ చేతిలో ఈకల కుంచె ఇంకా ఉంది. జుట్టులో దుమ్ము.

"ఆ లేచి అడిగిన పిల్ల పేరు లిన్ బోంగ్‌ఛీ," అంది తూ టీచరు. "మార్కెట్ మలుపులో గారెలు వేస్తుంది. మీరంతా తిన్నవే. ఆమెని బడి మాన్పించేశారు. మందు ఎందుకు తడవలేదో చెప్పి పెన్సిలు తెచ్చుకున్న పిల్లని నేను. ఇన్నేళ్ళుగా మీ అన్నలకీ, అక్కలకీ, కొందరి అమ్మలకీ నాన్నలకీ నేను అబద్ధం చెప్పాను. బక్కెట్లు అసలు లేనే లేవు."

జాబితా ప్రకారం ఇక్కడ మొదటి ప్రశ్న రావాలి. 'టీచర్, మీ ధైర్యానికి కారణం ఏమిటి?' దాన్ని అడగాల్సిన పిల్ల సగం లేచి, ప్రిన్సిపాల్ వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. యీయెన్ కుంచె ఉన్న చేతినే పైకెత్తింది.

"టీచర్, మీరు ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నారు. కానీ బడిలో చేరి ముప్పై తొమ్మిదేళ్ళయిందని మెట్ల దగ్గర ఫోటో కింద ఉంది. మొదటి ఎనిమిదేళ్ళూ ఏం చెప్పారు?"

తూ టీచరు లెక్క సరిచూసుకోనక్కర్లేదు. దేశంలో సైనిక చట్టం ఎత్తేసిన మరుసటి ఏడే ఆమె ధైర్యం మొదలైంది. అంతకు ముందు ఆ పాఠం పుస్తకంలో ఉండేది, ఆమె ఉద్యోగంలో ఉండేది.

"మందు తడవలేదని చెప్పాను," అంది.

"ఎవరైనా అడిగారా?"

"ఒకడు అడిగాడు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "నిలబెట్టాను."

వెనక వరసలో ప్రొఫెసర్ ఫూ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పిల్లలు ఇరవై నాలుగు ప్రశ్నలూ వదిలేసి ఒక్కుమ్మడిగా మీద పడ్డారు. వాడి పేరేంటి, ఎంతసేపు నిలబెట్టారు, వాడు ఇప్పుడెక్కడున్నాడు, మీరు క్షమాపణ అడిగారా, అడగకపోతే ఎందుకు అడగలేదు. మర్యాదగా విభేదించాల్సిన మనవడు, "ఆ పెన్సిలు ఏం చేశారు టీచర్?" అని అరిచాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాల్ వెంగ్ గారు మాత్రం నడవాలో గోడకి చేరబడి, చొక్కా పై బొత్తాం తీసుకుని గాలి పీల్చుకున్నాడు.

వెళ్ళే ముందు ప్రొఫెసర్ ఫూ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అద్భుతమైన పద్ధతి అండీ! తనని తాను దోషిగా చూపించుకుని పిల్లల్లో ప్రశ్న పుట్టించడం! ఇంత బాగా నటించినవాళ్ళని నేను చూడలేదు."

"నటన కాదండీ. నిజంగానే..."

"ఆ వినయం చూడండి!" అన్నాడాయన పక్కవాళ్ళతో.

డిసెంబరులో నివేదిక అచ్చయి వచ్చింది. బడికి రెండో బహుమతి. పదకొండో పేజీలో తూ టీచరు ఫోటో, దాని కింద మూడు పంక్తులు. 'చిన్నతనంలో నియంతృత్వాన్ని ప్రశ్నించి, రెండు బక్కెట్లు మోసిన ధీరురాలు.' బక్కెట్ల సంగతి ప్రిన్సిపాల్ గారు పోటీకి పంపిన దరఖాస్తులో నుంచి తీసుకున్నారు. బోంగ్‌ఛీ పేరు ఎక్కడా లేదు. ఈకల కుంచె పట్టుకున్న యీయెన్ ఫోటో మాత్రం ఉంది, 'పరిశుభ్రత' అనే శీర్షిక కింద.

తూ టీచరు ఆ నివేదిక తీసుకుని ఆఫీసుగదికి వెళ్ళింది.

"ఇది తప్పు అండీ. మీరు స్వయంగా విన్నారు."

"విన్నాను టీచర్ గారూ. కానీ ఇది బాగుంది," అన్నాడు వెంగ్ గారు నొచ్చుకుంటూ. "గారెలావిడ కథ దిగులుగా ఉంది. దిగులు కథకి బహుమతి ఎవరిస్తారు?"

ఆమె ఆ పదకొండో పేజీని మార్కెట్ మలుపుకి తీసుకెళ్ళి పైకి చదివి వినిపించింది. బోంగ్‌ఛీ గారెలు వేస్తూనే విని, "ఫోటోలో లావుగా పడ్డావు," అంది. తర్వాత కాసేపటికి, "ఆ నిలబెట్టిన పిల్లాడు ఎవరు?" అని అడిగింది. తూ టీచరు పేరు చెప్పింది. "వాడా! రేవు దగ్గర మంచుగడ్డల కొట్టు వాడు. రోజూ నాకు మంచు తెచ్చేది వాడేనే. పొద్దున ఆరింటికి వస్తాడు. రా, వచ్చి వాడితో చెప్పు." తూ టీచరు వెళ్ళింది. మంచుకొట్టు ఆయనకి అసలేమీ గుర్తులేదు. చేతులు తుడుచుకుని, పాత టీచరుకి వంగి దణ్ణం పెట్టి, "మీ దయ వల్లే క్రమశిక్షణ వచ్చింది టీచర్," అన్నాడు. ఆమెను అంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు.

క్లాసు పిల్లలు జిల్లా విద్యాశాఖకి ఉత్తరం రాశారు. పదకొండో పేజీలో ఏం తప్పో, ఎవరిని అడిగి తెలుసుకోవచ్చో, సాక్షి ఏ వేళకి మూకుడు దగ్గర ఉంటుందో వివరంగా రాశారు. ఇరవై ఇద్దరు సంతకాలు పెట్టారు. చలికాలం సెలవుల తర్వాత జవాబు వచ్చింది. యీయెన్ నిలబడి చదివింది. నివేదిక అచ్చయిపోయినందున సవరణ వీలుపడదని, అయితే ఈ ఉత్తరమే ప్రశ్నించే గుణానికి చక్కని ఉదాహరణ అని, అందుకని బడికి ఇంకో రెండు మార్కులు కలిపి మొదటి బహుమతి ఇస్తున్నామని, విద్యార్థులకు స్ఫూర్తినిచ్చిన ధీర ఉపాధ్యాయురాలికి అభినందనలని అందులో ఉంది.

పిల్లలు టీచరు మొహంలోకి చూశారు.

"వాళ్ళు మన ఉత్తరం చదవలేదా టీచర్?" అన్నాడు మనవడు.

"చదివే ఉంటారు. మార్కులు వేశారు కదా."

"అయితే ఇప్పుడు ఈ బహుమతి గురించి కూడా రాయాలా?" అంది యీయెన్. "మళ్ళీ రెండు మార్కులు కలిపితే?"

తూ టీచరుకి ముందు నవ్వొచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది, అది నవ్వు కాదు. గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు మొదటి బహుమతి బ్యానరు కొలతల కోసం టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడకుండా బీరువాలోంచి తెల్లకాయితాల దస్తా తీసి యీయెన్ చేతికిచ్చి, అందరికీ పంచమంది.